ఖాళీ అల

ఇరవై ఆరుమంది ఆడపిల్లల జవాబు పత్రాలు బల్లమీద పరిచి చూస్తుంటే ఇందుమతి కంటికి మొదట ఆనింది ఒక కామా. ఆరో ప్రశ్న జవాబులో, రెండో వాక్యం మధ్యలో, అందరూ ఒకేచోట కామా పెట్టారు. అక్కడ కామా అక్కర్లేదు. పాఠ్యపుస్తకం తీసి చూసింది. అందులోనూ లేదు.

"కాపీ కొట్టారేమో సార్," అంది.

డైరెక్టర్ పరాంకుశం నవ్వాడు. "దూరదూరంగా కూర్చోబెట్టాం. మూడు కెమెరాలు పెట్టాం. సగటు తొంభై నాలుగు మార్కులు! రెండేళ్ళుగా బడి గడప తొక్కని పిల్లలమ్మా వీళ్ళు. డిసెంబరులో పదకొండు దేశాలవాళ్ళు చూడటానికి వస్తున్నారు. నువ్వేమో కామాలు లెక్కపెడుతున్నావు."

ఆయన వెళ్ళాక ఆమె ఆ పాఠం రికార్డింగు పెట్టుకుని విన్నది. పాఠాలన్నీ ఆమె గొంతులోనే ఉన్నాయి. ఆ పాఠం చదివిన రోజు జలుబు చేసి ఉండటంతో రెండో వాక్యం మధ్యలో ఊపిరి అందక ఒక్క క్షణం ఆగింది. సరిగ్గా అక్కడే ఇరవై ఆరుమందీ కామా పెట్టారు.

ఇందుమతి రికార్డింగు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది.

ఆ పాఠాలను పిల్లలకు అందించేది చెవి వెనక అతికించుకునే రూపాయి బిళ్ళంత పరికరం. దాన్ని తయారుచేసిన బృందంలో ఆమెది ముఖ్యమైన చెయ్యి. చేతులు ఒకే పనిని వందలసార్లు చేస్తున్నప్పుడు మెదడులో ఒక నెమ్మదైన అల లేస్తుంది. ల్యాబులో దానికి 'ఖాళీ అల' అని పేరు పెట్టారు. ఆ అల లేవగానే బిళ్ళ పసిగట్టి, పాఠాన్ని అందులోకి జారవిడుస్తుంది. విన్నట్టు కూడా తెలియదు, పాఠం మాత్రం లోపల నిలిచిపోతుంది. తరగతి గదిలో అది పనిచెయ్యలేదు. పొలంలో, మగ్గం ముందు, తేయాకు తోటలో అద్భుతంగా పనిచేసింది. బడి మానేసి పనికి వెళ్ళిన ఆడపిల్లలకు చదువే వెతుక్కుంటూ వస్తుందని ఇందుమతి నమ్మింది. నమ్మబట్టే ఏడేళ్ళు దానికి ధారపోసింది.

మర్నాడే బయల్దేరి గద్వాల దాటి నల్లదిన్నెకు వెళ్ళింది.

*

ఊరి చుట్టూ సీడు పత్తి, అంటే కంపెనీల విత్తనాల కోసం వేసే పత్తి. ముందురోజు కేసరాలు గిల్లేసిన మొగ్గలకు గుర్తుగా ఎర్రకాగితాలు వేలాడుతున్నాయి. పొద్దున్నే మగపువ్వులు కోసి, వాటిని ఆ మొగ్గలకు రుద్దడం పిల్లల పని. ఊళ్ళో దాన్ని క్రాసింగ్ అంటారు. చెట్టు ఎత్తుకు పిల్లల ఎత్తు సరిపోతుంది. లేత వేళ్ళకు మొగ్గ చిట్లదు. ఆడపిల్లలైతే ఎదురు మాట్లాడరు.

అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన పిల్ల పేరు నాగేంద్రమ్మ. పదమూడేళ్ళు. వేళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. చెవి వెనక బిళ్ళమీద ఆకుపచ్చ చుక్క వెలిగి ఆరుతోంది. అంటే పాఠం సాగుతోందన్నమాట.

"నాగేంద్రమ్మా, పరాగ సంపర్కం అంటే ఏమిటో చెబుతావా?"

చేతులు ఆగకుండానే పిల్ల చెప్పింది. "కేసరాల నుంచి వెలువడిన పరాగ రేణువులు కీలాగ్రాన్ని చేరడాన్ని పరాగ సంపర్కం అంటారు. ఇది రెండు రకాలు. ఒకటి..." అచ్చంగా పుస్తకం భాష. మాట విరుపు మాత్రం ఇందుమతిది.

"చాలు, చాలు. మరి ఇప్పుడు నువ్వు చేస్తున్నదేమిటి?"

"క్రాసింగ్ మేడం."

"అంటే?"

"మగపువ్వు తెచ్చి దీనికి రుద్దాల."

"ఆ వేళ్ళకున్న పొడి ఏమిటి?"

"పొడి."

"ఇందాక నువ్వు చెప్పిన పాఠానికీ, ఈ పొడికీ ఏమైనా సంబంధం ఉందా?"

పిల్ల మొదటిసారి చెయ్యి ఆపింది. ఇందుమతి వైపు చూసింది. ఆ చూపులో తడుముకోవడం లేదు, తెలియలేదన్న సిగ్గూ లేదు. తలుపు తట్టినా ఎవరూ పలకని ఇల్లులా ఉంది. కాసేపటికి మళ్ళీ వంగి ఇంకో మొగ్గ అందుకుంది.

పక్క సాలులోంచి ఒకామె చెంగు దోపుకుంటూ వచ్చింది. పిల్ల తల్లి ఈరమ్మ. ఇందుమతిని పైనుంచి కిందికి చూసింది.

"మేడం, మళ్లొకసారి మాట్లాడున్రి."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదో ఒకటి."

"నేను హైదరాబాదు నుంచి వచ్చాను. మీ అమ్మాయి మార్కులు చూసి..."

"ఈ గొంతే." ఈరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "నా బిడ్డ నిద్రలో ఈ గొంతుతోనే మాట్లాడ్తాది. ఎవరిదో అనుకుంటి. మీరేనా?"

ఇందుమతి తలూపింది.

"పలవరింతలు గావు. పాఠాలు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి నా మీద కయ్యానికొచ్చే పిల్ల. ఇప్పుడు తిట్టినా పలకదు, కొట్టినా పలకదు. ఊరంతా నీ బిడ్డ శానా బుద్ధిమంతురాలాయె అంటాన్రు. నాకైతే భయమైతాంది." చెప్పి, ఎక్కువ మాట్లాడానేమోనని ఈరమ్మ గట్టుమీద నిలబడ్డ, కంపెనీ తరఫున పని చేయించే సీడు ఆర్గనైజర్ వైపు చూసి, మళ్ళీ సాలులోకి వెళ్ళిపోయింది.

*

ఊళ్ళో ఉన్నత పాఠశాల ఉంది. ఇందుమతి వెళ్ళేసరికి ఎనిమిదో తరగతిలో తొమ్మిదిమంది మగపిల్లలు కూర్చున్నారు. ఆడపిల్లల బల్లలు గోడకు చేర్చి ఒకదానిమీద ఒకటి ఎక్కించారు. సైన్సు మాస్టారు సుంకన్న ఆమె ఎవరో తెలిసి కూర్చోమని కూడా అనలేదు.

"చూడండి మేడం, చూసి పోండి. బిళ్ళ రాకముందు వీళ్ళలో సగంమంది సీజను అయిపోయినాక అయినా బడికి వచ్చేటోళ్ళు. నేను ఇండ్లు తిరిగి, తల్లులతో తిట్లు తిని పట్టుకొచ్చేటోణ్ణి. ఇప్పుడేమంటారు? పొలంలోనే చదువు వస్తాంది గద సార్, తొంభై నాలుగు మార్కులు వస్తాన్నాయి గద, మీ బడెందుకు అంటారు. నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లలు లేరని వచ్చే జూన్‌కి బడి మూసేస్తామని కాగితం వచ్చింది."

"నాగేంద్రమ్మ మీ దగ్గర చదివిందా?"

ఆయన ముఖంలో కోపం సడలింది. "చదివిందా అంటే... నన్ను చదవనిచ్చేది కాదు. ఒకనాడు నీళ్ళ ట్యాంకు మీదికి కోతి ఎక్కింది. ఈ పిల్ల లేచి, 'సార్, ఆ కోతికి మనం చిన్నగయినట్టు కనపడ్తామా, లేకుంటే అదే పెద్దగయిననుకుంటదా?' అని అడిగింది. నాకు తెల్వదమ్మా అన్నాను. 'అయితే ఎక్కి చూస్తా' అని పరుగు తీసింది. ట్యాంకు నిచ్చెన దగ్గర పట్టుకున్నాను." ఆయన గోడవారనున్న బల్లల వైపు చూశాడు. "మొన్న కనిపిస్తే పలకరించాను. ఏ పాఠం అడిగినా చెప్పింది. తిరిగి నన్ను ఒక్కటీ అడగలేదు."

*

ల్యాబుకు తిరిగివచ్చాక ఇందుమతి నివేదికలు పక్కన పెట్టింది. నివేదికల కోసం ఏరిపెట్టిన అంకెలు కాక, బిళ్ళలు పంపిన అసలు నమోదులే కావాలంది. మూడుసార్లు అడిగినా అనుమతి రాలేదు. తన సొంత ప్రయోగం నమోదులు చూడటానికి తనకే అనుమతి ఎందుకో అర్థం కాలేదు. నాలుగోసారి అడగకుండా పాత సహోద్యోగి ఒకరి సాయంతో తీసుకుంది.

మొదటి నెలలో ఖాళీ అల చెరువులో రాయి వేసినట్టు గుండ్రంగా, నిండుగా ఉంది. ఆరో నెలకు సగమైంది. ఏడాది తిరిగేసరికి గీతలా సాగిపోయింది. నాగేంద్రమ్మది మాత్రమే కాదు, ఇరవై ఆరుమందిదీ అంతే. ఆ భాగం మొత్తాన్నీ ఎవరో 'యంత్ర దోషం' అని గుర్తుపెట్టి, నివేదికలోకి రాకుండా తీసేశారు. కింద పరాంకుశం సంతకం ఉంది. తేదీ చూస్తే పద్నాలుగు నెలల కిందటిది.

ఇంటికి వచ్చేసరికి పన్నెండేళ్ళ కూతురు అనఘ లెక్కల పుస్తకం ముందు పెన్సిలు నోట్లో పెట్టుకుని కిటికీలోంచి ఎటో చూస్తోంది. పుస్తకంలో ఒక్క లెక్కా మొదలుకాలేదు.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదమ్మా."

మామూలుగా అయితే ఇందుమతి కసురుకునేదే. ఆ రోజు చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయింది. ఏడెనిమిది నిమిషాల తర్వాత అనఘ తనంతట తనే ఉలిక్కిపడి, "అమ్మా, సున్నాకి ముందు మనుషులు ఏమీ లేకపోవడాన్ని ఎట్లా రాసేవాళ్ళు?" అని అడిగింది.

ఆ అల ఖాళీ కాదు. మనిషి తనతో తాను మాట్లాడుకునే చోటు అది. విన్నదానికీ, కంటికి కనబడేదానికీ అక్కడే ముడి పడుతుంది. తమ బృందం దాన్ని ఖాళీ స్థలమనుకుని ఇల్లు కట్టేసింది.

మర్నాడు పరాంకుశం ఆమె మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. ఆయన కాదనకపోవడమే ఆమెకు ఎక్కువ అనుమానం కలిగించింది.

"నాకు తెలుసు," అన్నాడు. "నువ్వొకటి చెప్పు. బిళ్ళ తీసేస్తే వాళ్ళు బడికి పోతారా? పోరు. పొలానికే పోతారు. అప్పుడు బడీ ఉండదు, పాఠమూ ఉండదు. కనీసం చేతికి సర్టిఫికెట్ వస్తుంది. ప్రశ్నలు అడగడం కడుపు నిండినవాళ్ళ ముచ్చట ఇందూ."

"బడికి పోకపోవడానికి ఇప్పుడు మనమే కారణం సార్. ఆ బడి మూతపడుతోంది."

"పదకొండు దేశాల్లో కోట్లమంది ఆడపిల్లలున్నారు. వాళ్ళకు బడులు ఎవరు కడతారు? నువ్వా?"

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళాక, ఇన్నేళ్ళూ సరిగ్గా ఇవే మాటలు తానూ అందరికీ చెప్పిందని గుర్తొచ్చి సిగ్గుపడింది.

*

సెలవు పెట్టి నల్లదిన్నె వెళ్ళి, ఈరమ్మ ఇంటిముందు నిలబడింది. బిళ్ళ తీసేద్దామంది. ఎందుకో, తన కూతురి సంగతితో సహా, దాచకుండా చెప్పింది.

ఈరమ్మ చాలాసేపు చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది.

"అప్పుడు మీరే పెడితిరి. బిడ్డకు చదువొస్తాదని మీ మనుషులు వచ్చి చెప్తే వేలిముద్రేస్తి. ఇప్పుడు మీరే తీస్తామంటాన్రు. ఇది ఇంకో పరీక్షనా మేడం? నా బిడ్డ మీద ఇంకేమన్నా చూడాల్నా?"

"కాదమ్మా."

"కాదని మీరంటే నేనెట్ల నమ్మాల?"

నమ్మమని అడిగే హక్కు తనకు లేదని ఇందుమతికి తెలుసు. "నమ్మొద్దు," అంది. "నేను ఇక్కడే ఉంటాను. ఏం జరిగినా మీ కళ్ళముందే జరుగుతుంది. తప్పు నాదని నలుగురిలో చెప్పమన్నా చెబుతాను."

"చెప్పాల. ఆ ఆర్గనైజర్ ముందర, పెద్దపెద్దోళ్లొచ్చిననాడు చెప్పాల. అట్లయితేనే తియ్యి."

బిళ్ళ తీసిన మొదటి వారం నరకం. నాగేంద్రమ్మ చెవి వెనక గోళ్ళతో రక్తం వచ్చేలా గీరుకుంది. "ఏమీ ఇనపడ్తలేదు, ఏమీ ఇనపడ్తలేదు," అని ఏడ్చింది. ఇందుమతి మాట్లాడితే శాంతించేది. అది గమనించి ఇందుమతి ఆ పిల్ల ఎదుట నోరు మెదపడం మానేసింది. సుంకన్న మాస్టారి ఇంట్లో ఉంటూ, రోజూ వచ్చి ఈరమ్మ వాకిట్లో మౌనంగా కూర్చునేది. బడిలో మాస్టారు గోడవారనున్న బల్ల ఒకటి దింపించాడు. పిల్ల వచ్చి దానిమీద కూర్చునేది. రాయమంటే రాసేది కాదు. పదహారో రోజున పక్కనున్న పిల్లవాడు ఆమె పెన్సిలు లాక్కుంటే చెంప ఛెళ్ళుమనిపించింది.

ఆ సంగతి విన్న ఈరమ్మ ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కూడా ఇందుమతి చూడకుండా చెంగుచాటున నవ్వింది.

*

డిసెంబరు రెండోవారంలో పదకొండు దేశాల ప్రతినిధులు వచ్చారు. బడి ఆవరణలో షామియానా వేశారు. ఇరవై అయిదుమంది పిల్లలు బిళ్ళలతో ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ వెనక, బిళ్ళ లేకుండా, నాగేంద్రమ్మ. ఆమె పేరు జాబితాలోంచి కొట్టేశారు. ఇందుమతిని వేదిక మీదికి పిలవలేదు. సెలవులో ఉన్న ఉద్యోగి ఇక్కడికి ఎందుకొచ్చిందని పరాంకుశం మనుషులు ఇద్దరు ఆమె వెనకే తిరుగుతున్నారు.

ప్రతినిధులు అడిగినవాటికల్లా పిల్లలు గడగడా చెప్పారు. రక్తప్రసరణ, గ్రహణాలు, త్రికోణాలు. కెన్యా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. తన దేశంలో కాఫీ తోటల్లోని పిల్లలకు ఇది ఎప్పుడు వస్తుందని అడిగింది. వచ్చే ఏడాదే అన్నాడు పరాంకుశం.

చివర్లో ఆవిడ లేచింది. ఆమె మాటలను దుబాసీ తెలుగులో చెప్పాడు. "మేము ఇన్ని అడిగాం. మీరు మమ్మల్ని ఏమైనా అడుగుతారా?"

ఇరవై అయిదుమందీ కదలకుండా కూర్చున్నారు. గాలికి షామియానా గుడ్డ కొట్టుకుంటోంది. నిమిషం గడిచింది. ఆవిడ ముఖంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. మళ్ళీ అడిగింది. ఎవరూ పలకలేదు.

వెనక వరసలో నాగేంద్రమ్మ లేచింది. పరాంకుశం చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. పిల్ల కూర్చోలేదు. పెదవులు కదుపుతోంది గాని మాట బయటికి రావడం లేదు. పుస్తకం మాటలు కాక సొంత మాటలు వెతుక్కుంటోందని ఇందుమతికి తెలిసింది. సాయం చెయ్యాలనిపించింది. తన గొంతు పిల్లకు వినిపించకూడదని ఊరుకుంది.

"ఈ బిళ్ళ... శానా మంచిది గద," అంది నాగేంద్రమ్మ ఆఖరికి. "మీ పిల్లలకు పెట్టిన్రా?"

దుబాసీ దాన్ని చెప్పడానికి తటపటాయించాడు. పెద్దావిడ గట్టిగా అడిగితే చెప్పాడు. వేదిక మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నాగేంద్రమ్మ ఇందుమతి వైపు తిరిగింది. "మేడం, మీకు బిడ్డ ఉందంటిరి గద. ఆమెకు పెట్టిన్రా?"

పరాంకుశం మనుషులు ముందుకు రాబోతే, ఈరమ్మ వాళ్ళకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఇందుమతి లేచింది.

"పెట్టలేదు. మొదట్లో ల్యాబులో అడిగారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు ఆలోచించలేదు. నా కూతురికి బడి ఉంది కాబట్టి ఇది అవసరం లేదనుకున్నాను. మీ పిల్లలకైతే ఇదే ఎక్కువనుకున్నాను. తప్పు నాది." అసలు నమోదులున్న సంచి తీసి నేరుగా ఆ పెద్దావిడ చేతిలో పెట్టింది. "ఇందులోంచి ఏం తీసేశారో చూడండి. చూశాక మీ కాఫీ తోటల సంగతి తేల్చుకోండి."

*

తేలడానికి ఐదు నెలలు పట్టింది. తొమ్మిది దేశాలు వద్దన్నాయి. రెండు దేశాల్లో బిళ్ళ వేరే పేరుతో వాడుతున్నారన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. పరాంకుశం ఇంకో సంస్థలో సలహాదారు అయ్యాడు. ఇందుమతి ఉద్యోగం పోయింది. కర్నూలులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, నెలకోసారి నల్లదిన్నె వచ్చి పిల్లల అలలు కొలిచి రాసుకుంటుంది. కొందరిలో తిరిగి లేస్తోంది, కొందరిలో లేదు. ఇరవై ఆరుమందిలో పంతొమ్మిదిమంది బడిలో చేరారు. ఏడుగురి తల్లిదండ్రులు పక్క మండలం చేలకు వెళ్ళిపోయారు. వాళ్ళ చెవుల వెనక ఏముందో ఎవరికీ తెలియదు. బడి మాత్రం మూతపడలేదు.

సెప్టెంబరులో ఇందుమతి వచ్చేసరికి ఈరమ్మ బడి వరండాలో ఎదురైంది. చేతిలో నాగేంద్రమ్మ మార్కుల కాగితం ఉంది. బిడ్డ రోజూ ఇంటికి రాగానే చెవి వెనక వేలు పెట్టి తడిమి చూస్తానని, ఇందుమతి వచ్చి వెళ్ళిన రోజైతే రెండుసార్లు చూస్తానని దాపరికం లేకుండా చెప్పింది. "ఏమనుకోవద్దు మేడం, నా భయం నాది." ఇందుమతి ఏమీ అనుకోలేదు.

"ముప్పై ఒకటి లెక్కల్లో. అంటే ఫెయిలే గద?"

"ఫెయిలే అమ్మా. ఇంకో నాలుగు కావాలి."

"తొంభై ఎనిమిది వచ్చె అప్పుడు."

"వచ్చాయి."

లోపల ఉపాధ్యాయుల గదిలోంచి గట్టిగా మాటలు వినిపిస్తున్నాయి. ఆరుగురు కూలీలు పది రోజుల్లో చేసే పనిని పన్నెండుమంది ఎన్ని రోజుల్లో చేస్తారన్న లెక్కకు నాగేంద్రమ్మ ఏడు రోజులని రాసింది. లెక్కల టీచరు సున్నా పెట్టింది.

"ఐదంటే లెక్క సరిపోతది టీచర్, నాకు తెల్సు. గాని కొత్తగొచ్చిన ఆరుమందికి పని ఎవరు నేర్పాల? మా చేలో అయితే రెండు దినాలు పడ్తది. మీరు ఎప్పుడన్న చూసిన్రా?"

"పుస్తకంలో అట్లా లేదు నాగేంద్రా."

"పుస్తకం రాసినాయన చూసిండా మరి?"

ఈరమ్మ కంగారుగా ఇందుమతి వైపు తిరిగింది. "ఇనపడ్తాంది గద? టీచరమ్మతోనే కొట్లాటకు దిగె. లోపలికి పోయి ఇంటికి గుంజుకుపోదునా?"

"నన్ను అడుగుతారేమిటి? మీ ఇష్టం."

ఈరమ్మ ఒకసారి లోపలికి తొంగి చూసింది. ఎండ వరండా మెట్లు దాటి లోపలికి వస్తోంది. చేలో పని సగంలో ఉంది. మార్కుల కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుని, గుంజకు ఆనుకుని కింద కూర్చుంది.

"కానియ్యి," అంది. "కొట్లాట ఒడిసినాకనే పోదాం."